పొట్ట బాగుపడితే మనసుకు మందు అక్కర్లేదా?

ఈసారి ఉత్తరం రాసినావిడకి 36 ఏళ్లు, పేరు వేయొద్దన్నారు. రెండేళ్ల క్రితం బయట తిన్నదేదో పడక ఐదు రోజులు విరేచనాలు అయ్యాయట. అప్పటినుంచి పొట్ట మళ్లీ మామూలు కాలేదు. ఉబ్బరం, గ్యాస్, ఒక వారం మలబద్ధకం, మరుసటి వారం అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ ఉందంటే పొద్దున్నే మూడుసార్లు బాత్రూమ్‌కి పరుగు. ఆ తర్వాత నిద్ర తగ్గింది, ఊరికే గుండెదడ, చదివింది బుర్రకెక్కకపోవడం మొదలయ్యాయి. పోయిన ఏడాది ఐదుసార్లు జలుబు చేసింది, అందులో మూడుసార్లు యాంటీబయాటిక్ వాడారు. డాక్టర్ ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా పేగుల పనితీరు గాడి తప్పే జబ్బు) అని చెప్పి, ఆందోళన తగ్గడానికి రోజూ వేసుకునే మాత్ర రాశారు. మూడు నెలలుగా వేసుకుంటున్నారు, నిద్ర కాస్త కుదురుకుంది, దడ తగ్గింది.

ఈలోగా వీడియోలు చూస్తూ పాలు, పెరుగు, గోధుమ, పప్పులు, ఉల్లి, వెల్లుల్లి, చాలావరకు పండ్లు ఒక్కొక్కటిగా మానేశారు. ఏడు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. ఇప్పుడు భయం లేకుండా తినగలిగేవి తొమ్మిది పదార్థాలేనట. వాటితోపాటు మంచి బ్యాక్టీరియా నింపిన ప్రోబయాటిక్ క్యాప్సూల్స్. భర్త "అంతా నీ మనసులోనే ఉంది" అంటారు. ఎనిమిదేళ్ల కూతురు మాత్రం మొన్న పళ్లెం ముందు కూర్చుని, "అమ్మా, ఇది తింటే నా కడుపులో మంచి పురుగులు చచ్చిపోతాయా?" అని అడిగిందట.

ఆవిడ అడుగుతున్నవి ఇవి: పొట్ట వల్ల మనసు పాడైందా, మనసు వల్ల పొట్ట పాడైందా? పేగుల్లోనే అసలు మూలం ఉంటే మాత్ర మానేసి, ఇంకో మూడు నెలలు మరింత కఠినంగా డైట్ చేయొచ్చా? మలంలో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో చెప్పే ఖరీదైన పరీక్ష చేయించుకోవాలా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. అన్నిటికంటే ముందు ఒకటి చెప్పాలి, మీ బాధ కల్పితం కాదు. మీ వారు ఆ మాట విసుగుతో అన్నారో, మీకు ధైర్యం చెబుదామనే అన్నారో నాకు తెలీదు కానీ, ఆ మాట తప్పు. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ ఐదు రోజుల విరేచనాల దగ్గర నేను ఆగిపోయాను. పేగులకు ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గిన వాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి ఆ తర్వాత ఐబీఎస్ మొదలవుతుంది. క్రిమి పోతుంది, పేగు గోడలో నరాలు మాత్రం అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. మామూలుగా ఎవరికీ తెలియనంత గ్యాస్ కూడా మీకు నొప్పిగా తెలుస్తుంది. కెమెరా గొట్టంతో పేగుల్ని చూసే స్కోపీలో ఏమీ కనిపించదు కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లకి ఏమీ లేనట్టే అనిపిస్తుంది. 2016లో ఈ జబ్బుల నిర్వచనాలను సవరించిన నిపుణులు వీటిని పేగులకూ మెదడుకూ మధ్య జరిగే సంభాషణ దెబ్బతిన్న జబ్బులుగా వర్ణించారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు సగం అక్కడే ఉంది.

మిగతా సగం మన భాషలోనే ఉంది. కోపమొస్తే కడుపు మండిందంటాం, దుఃఖం చూస్తే కడుపు తరుక్కుపోయిందంటాం. 1822లో తుపాకీ గాయంతో పొట్టకు రంధ్రం పడి, అది పూడకుండా మిగిలిపోయిన ఒక మనిషిని విలియం బోమాంట్ అనే అమెరికా సైనిక వైద్యుడు ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఆ మనిషికి కోపం వచ్చినప్పుడు జీర్ణక్రియ మారిపోవడం ఆయన కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఇప్పుడు మనకు ఆ తీగలు కూడా తెలుసు. గొంతు నుంచి కింది దాకా జీర్ణనాళం గోడలో 10 కోట్ల నుంచి 50 కోట్ల దాకా నరకణాలు ఉంటాయని అంచనా. మెదడు నుంచి పొట్టలోకి దిగే వేగస్ అనే పెద్ద నరంలో దాదాపు 80 శాతం పోగులు కింది నుంచి పైకే కబురు మోస్తాయి. అంటే పొట్ట మెదడుకు చెప్పేదే ఎక్కువ. అలాగని మెదడు పొట్టను తన మానాన వదిలేయదు, టెన్షన్ హార్మోన్లు పేగుల కదలికనూ స్రావాలనూ నిమిషాల్లో మార్చేస్తాయి. మీటింగ్ రోజు పొద్దున మీరు చూస్తున్నది అదే.

ఆస్ట్రేలియాలో దాదాపు వెయ్యి మందిని 12 ఏళ్లు గమనించిన ఒక అధ్యయనం ఉంది. మొదట ఆందోళన మాత్రమే ఉన్నవాళ్లలో కొందరికి తర్వాత పొట్ట సమస్యలు వచ్చాయి, మొదట పొట్ట సమస్య మాత్రమే ఉన్నవాళ్లలో కొందరికి తర్వాత ఆందోళన వచ్చింది. మీ విషయంలో క్రమం చూస్తే పొట్టతోనే మొదలైనట్టుంది. కానీ రెండేళ్లు గడిచాక ఏది ముందు అన్నది పెద్దగా పనికిరాని ప్రశ్న, ఎందుకంటే ఇప్పుడు రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తున్నాయి. దోషి ఎవరో తేల్చి ఆ ఒక్కరికే వైద్యం చేద్దామనుకుంటే రెండోది వైద్యం లేకుండా మిగిలిపోతుంది.

ఇక వీడియోల సంగతి. వాటిలో చెప్పేవన్నీ అబద్ధాలని నేననను, అలా అనేస్తే మీకు సాయం చేసినట్టు కాదు. మనసు స్థితితో ముడిపెట్టి చెప్పే సెరోటోనిన్ అనే రసాయనంలో 90 శాతం పైగా పేగుల్లోనే తయారవుతుందన్నది నిజం. అయితే ఆ సెరోటోనిన్ మెదడులోకి వెళ్లదు. మెదడు చుట్టూ రక్తనాళాల్లో ఉండే అడ్డుగోడ దాన్ని లోపలికి రానివ్వదు కాబట్టి, మెదడు తనకు కావలసింది తనే తయారుచేసుకుంటుంది. పేగుల్లోది పేగుల కదలికకూ, వేగస్ నరానికి కబురు అందించడానికీ పనికొస్తుంది. పేగులు బాగుచేస్తే సెరోటోనిన్ పెరిగి మాత్ర అవసరమే ఉండదన్న వాదన ఇక్కడే కూలిపోతుంది.

బ్యాక్టీరియా కథా అలాంటిదే, ఆశ ఉంది, తొందరపాటూ ఉంది. మన ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో లెక్కగట్టారు, ఎక్కువ భాగం పెద్దపేగులోనే. ఒంట్లో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలు ఒత్తిడికి మామూలు ఎలుకల కంటే తీవ్రంగా స్పందిస్తాయని 2004లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. 2011లో ల్యాక్టోబాసిలస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకాన్ని ఇస్తే ఎలుకల్లో ఆందోళన తగ్గింది, వేగస్ నరం కోసేస్తే ఆ మార్పు మాయమైంది. ఎంత గొప్ప ప్రయోగమో చూడండి. అయితే అదే బ్యాక్టీరియాను 2017లో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా కనిపించలేదు. వీడియోలు 2011 దగ్గర ఆగిపోతాయి. నాకు బాధ కలిగించేది ఇదే, నిద్రపట్టని మనిషి రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకుని వెతికితే సగం కథే చేతికందుతుంది.

మనుషుల మీద జరిగిన ప్రయోగాల్లో మీకు బాగా పనికొచ్చేది ఒకటుంది. 2017లో ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం ఓ మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు 12 వారాలు ఆహారం మార్చుకోవడంలో నిపుణులు సాయపడ్డారు, రెండో గుంపుతో అంతే సమయం కూర్చుని స్నేహంగా కబుర్లు చెప్పారు. చివరికి మొదటి గుంపులో 32 శాతం మందికి, రెండో గుంపులో 8 శాతం మందికి డిప్రెషన్ దాదాపు తొలగిపోయింది. చిన్న ప్రయోగమే, పైగా ఎవరు ఏ గుంపులో ఉన్నారో వాళ్లకు తెలుసు, కాబట్టి అతిగా నమ్మకూడదు. కానీ రెండు విషయాలు గమనించండి. ఆ 67 మందిలో 55 మంది అప్పటికే మందులో, కౌన్సెలింగో, రెండూనో తీసుకుంటున్నారు. ఆహారం వాటికి తోడుగా వచ్చింది, వాటి స్థానంలోకి కాదు. రెండోది, వాళ్లు తిన్నది ముడిధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు, చేపలు, ఆలివ్ నూనె. అంటే మీరు భయపడి మానేసినవాటిలో చాలా ఉన్నాయి.

ఇమ్యూనిటీ విషయంలోనూ దారి ఇదే వైపు చూపిస్తుంది. రోగనిరోధక కణాల్లో పెద్ద వాటా పేగు గోడ వెంబడే కాపలా ఉంటుంది. మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పేగు లోపలి పొర కణాలకు బ్యుటిరేటే ముఖ్యమైన ఆహారం, అనవసరమైన వాపును అదుపులో పెట్టే రోగనిరోధక కణాలు పెరగడానికీ అది తోడ్పడుతుంది. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మందితో చేసిన ప్రయోగంలో, పులిసిన ఆహారం బాగా పెంచినవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. పీచు పెంచిన గుంపులో ఆ కొద్ది వారాల్లో బ్యాక్టీరియా రకాలు పెరగలేదు. బహుశా దానికి ఇంకా సమయం కావాలేమో.

అయితే ఇవేవీ మీ జలుబులు ఆగిపోతాయని హామీ ఇచ్చేవి కావు. పెద్దవాళ్లకి ఏడాదికి రెండు మూడు జలుబులు మామూలు, బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో ఇంకా ఎక్కువే వస్తాయి. మీకు ఐదు వచ్చాయంటే నిద్రలేమి, సరిపోని తిండి కూడా కారణమై ఉండొచ్చు. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ వాటి మీద పనిచేయదు, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా మీద మాత్రం పనిచేస్తుంది. ఈసారి జలుబుకి ఎవరైనా రాస్తే "ఇది బ్యాక్టీరియా ఇన్ఫెక్షనేనా?" అని ఒక్క ప్రశ్న అడగండి. కోర్సు అయ్యాక ప్రోబయాటిక్ వేసుకుంటే అంతా సర్దుకుంటుందనీ అనుకోకండి. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పరీక్షిస్తే, యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి నిలదొక్కుకోవడం ఆలస్యమైంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. నిర్ణయం మీదే, మీ డాక్టర్‌తో కలిసి తీసుకోవలసింది. ఏ దారిలో ఏం ఎదురవుతుందో మాత్రం నేను చెప్పగలను.

మాత్ర ఈ వారమే మానేశారనుకోండి. ఇలాంటి మాత్రలు ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం, వికారం, విరేచనాలు రావచ్చు. అప్పుడు మీరేం చేస్తారో ఊహించగలను, ఆ రోజు తిన్నదాన్ని అనుమానించి దాన్నీ మానేస్తారు. తొమ్మిది పదార్థాలు ఏడవుతాయి. కొనసాగిస్తే ఏమిటంటారా, బాగా నయమనిపించాక కూడా మామూలుగా కనీసం ఆరు నెలలు వాడమని, ఆ తర్వాత మోతాదు మెల్లగా తగ్గిస్తూ ఆపమని డాక్టర్లు చెబుతారు. మీకు మాత్ర వల్ల ఏదైనా ఇబ్బంది ఉంటే, లేదా జీవితాంతం వాడాల్సొస్తుందన్న భయమే అసలు కారణమైతే, ఆ మాట మీ డాక్టర్‌తోనే అనండి. మానాలన్న కోరిక తప్పు కాదు. చెప్పకుండా, ఒక్కసారిగా మానడం వద్దు.

పరీక్షల విషయానికొస్తే, బ్యాక్టీరియా లెక్క చెప్పే మలపరీక్షకు ఇప్పుడు డబ్బు పెట్టకండి. రంగురంగుల రిపోర్టు వస్తుంది, కానీ దాన్ని చూసి ఐబీఎస్‌కో ఆందోళనకో వైద్యం నిర్ణయించే స్థాయికి శాస్త్రం ఇంకా చేరలేదు. ఏదో ఒక బ్యాక్టీరియా తక్కువుందని కనబడితే మీకు ఇంకో భయం తోడవుతుంది, అంతే. అవసరమైన పరీక్షలు వేరే ఉన్నాయి. ఆరు కిలోలు తగ్గిన సంగతి మీ డాక్టర్‌కి తెలుసా? ఆయనకి చెప్పారో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. తిండి తగ్గించడం వల్లే తగ్గి ఉండొచ్చు, అయినా చెప్పితీరాలి. రక్తహీనత, థైరాయిడ్, బి12, పేగుల్లో వాపును పట్టించే కాల్‌ప్రొటెక్టిన్, గోధుమ పడని సీలియాక్ జబ్బు, ఇవి చూడాలేమో అడగండి. బి12 గానీ ఐరన్ గానీ తగ్గితే నీరసం, మీరు చెబుతున్న బుర్ర మొద్దుబారడం వాటివల్లే రావచ్చు. సీలియాక్ విషయంలో ఒక చిక్కుంది. గోధుమ మానేసి ఉన్నప్పుడు ఆ పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు, కాబట్టి పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు రోజూ గోధుమ తినాల్సి ఉంటుంది. చాలామంది ఇది తెలియకే ముందు మానేసి తర్వాత పరీక్షకు వెళ్తారు. మలంలో రక్తం, రాత్రి నిద్రలోంచి లేపేసే విరేచనాలు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ వచ్చేదాకా ఆగకండి.

డైట్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీరు పూర్తిగా తప్పుదారిలో లేరు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పప్పులు మానేశాక ఉబ్బరం కొంత తగ్గిందని రాశారు. అది మీ భ్రమ కాదు. వీటిలో చిన్నపేగులో సరిగా ఇంకని కొన్ని పిండిపదార్థాలూ చక్కెరలూ ఉంటాయి, అవి పెద్దపేగులోకి వెళ్లి పులిసి గ్యాస్ అవుతాయి. 2005 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు వీటన్నిటినీ ఫాడ్‌మ్యాప్స్ అని పేరుపెట్టి ఒక పద్ధతి తయారుచేశారు. ఐబీఎస్ ఉన్న చాలామందికి అది మేలు చేస్తుంది. కానీ అందులో మూడు దశలుంటాయి. రెండు నుంచి ఆరు వారాలు మానడం, ఆ తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తిని చూడటం, చివరికి నిజంగా పడనివాటిని మాత్రమే, అదీ పడనంత మోతాదులో మాత్రమే తగ్గించుకోవడం. మీరు తెలియకుండానే మొదటి దశలోకి వెళ్లి ఏడు నెలలుగా అక్కడే ఉండిపోయారు. ఆ పదార్థాలు విషాలు కావు. పేగు నరాలు సున్నితమైపోయిన మనిషికి గ్యాస్‌తో నొప్పి కలిగించేవి అవే, మంచి బ్యాక్టీరియాకు తిండి కూడా అవే. ఎక్కువకాలం మానేస్తే బైఫిడో అనే మేలుచేసే రకం బ్యాక్టీరియా తగ్గిపోతుందని ప్రయోగాల్లో తేలింది. బ్యాక్టీరియాను కాపాడుకోవాలని మొదలుపెట్టి వాటినే పస్తులుంచుతున్నారు.

కాబట్టి ఇంకో మూడు నెలల కఠిన డైట్ అంటే నాకు భయంగానే ఉంది. బరువు ఇంకా తగ్గుతారు, తిండంటే బెరుకు ముదురుతుంది, ఆ బెరుకే పొట్టను మళ్లీ బిగిస్తుంది. దానికి బదులు డైటీషియన్ సాయంతో రెండో దశ మొదలుపెట్టొచ్చు. ఒకసారికి ఒక్క పదార్థం, మొదటి రోజు రెండు చెంచాలు, రెండో రోజు కాస్త ఎక్కువ, మూడో రోజు మామూలు మోతాదు, తర్వాత రెండు మూడు రోజులు విరామం. కాస్త ఉబ్బరం వస్తే దాన్ని ఓటమిగా రాసుకోకండి. పీచు పెరిగిన కొత్తలో గ్యాస్ రావడం మామూలే, అందుకే మెల్లగా పెంచాలి. రోజుకు 25 గ్రాముల పీచు అన్నది దూరంగా ఉన్న గమ్యం, వచ్చే వారానికి కాదు. డైటీషియన్ దగ్గరికి వెళ్లడం ఇప్పట్లో కుదరకపోతే ఇంకా సులువైన దారి కూడా ఉంది: వేళకు తినడం, కాఫీ, వేపుళ్లు తగ్గించడం, ఇసబ్గోల్ కొద్ది మోతాదుతో మొదలుపెట్టడం, రోజూ నడవడం. దీనితో మార్పు నెమ్మదిగా వస్తుంది, ఏది పడుతోందో ఏది పడట్లేదో అంత స్పష్టంగా తేలదు, కానీ కోల్పోయేదేమీ ఉండదు.

క్యాప్సూల్స్ మానాలా అంటే, ఎంతకాలంగా వేసుకుంటున్నారో మీరు రాయలేదు. ఒకే రకాన్ని 12 వారాలు వాడినా తేడా తెలియకపోతే ఆపేయండి. ఆ ప్రయోగం అక్కడితో అయిపోయినట్టే.

మీరు అడగని దారి ఇంకొకటుంది, అడిగితే మీ వారి మాట నిజమని ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదేమో. పొట్ట కోసమే రూపొందించిన హిప్నోథెరపీ (గాఢమైన విశ్రాంతిలోకి తీసుకెళ్లి సూచనలిచ్చే చికిత్స) ఐబీఎస్‌కు పనిచేస్తుందని 1984లోనే మాంచెస్టర్ వైద్యులు ప్రయోగం చేసి చూపించారు. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతికీ మంచి ఆధారాలున్నాయి. ఇవి పనిచేస్తాయంటే జబ్బు మనసులో ఉందని అర్థం కాదు. పై నుంచి కిందికి వెళ్లే తీగ ద్వారా కింది నరాలను శాంతపరుస్తున్నారని అర్థం. మీ వారికి ఇదే చెప్పండి. డాక్టర్ దగ్గరికి ఈసారి ఆయన్నీ తీసుకెళ్లండి, ఆ పేగు నరాల మాట తెల్లకోటు వేసుకున్న మనిషి నోటి నుంచి వింటే ఆయనకి వేరుగా వినిపిస్తుంది.

ఇక మీ పాప ప్రశ్న. పరీక్షల కంటే, మాత్ర కంటే అది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆమెకు ఫలానాది మంచిది, ఫలానాది చెడ్డది అని పాఠం చెప్పకండి. "అమ్మ పొట్ట కొంచెం అలిగింది, అందుకే కొన్నాళ్లు కొన్ని తినలేదు, ఇప్పుడు మళ్లీ అలవాటు చేసుకుంటోంది. నీ పొట్టకి ఏమీ కాదు, నువ్వు అన్నీ తినొచ్చు" అంటే చాలు, ఎనిమిదేళ్ల పిల్లకి అర్థమవుతుంది. మీరు ముందుగా ఏ పదార్థం వెనక్కి తెచ్చుకుంటారో దాన్ని వంటగదిలో ఒంటరిగా, భయంభయంగా కాకుండా, ఆమె పక్కన కూర్చుని తినండి. పాలకంటే పెరుగు చాలామందికి తేలిగ్గా పడుతుంది, రెండు చెంచాల పెరుగుతో మొదలుపెట్టొచ్చు. ఆ మూడు రోజులు ఎలా గడిచాయో, డాక్టర్ ఏమన్నారో నాకు మళ్లీ రాయండి.